వకీలు సారు అనని మాట

ఇది ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నా భర్తకు చెప్పలేదు. నాన్న పోయేముందు ఆయన మంచం పక్కన కూర్చున్నప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కరలేదు.

ఒక ఎన్నికలో నేను ఒక మనిషి మాటను మార్చి చెప్పాను.

మాది ఇల్లందు దాటాక అడవి అంచున ఉన్న ఊరు. నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ పత్తి, మిరప వేసేవాడు. మేం దున్నే ఏడెకరాలూ కాగితాల్లో భీమయ్యవి. భీమయ్య కోయ రైతు. గిరిజనుల భూమి మాలాంటి వాళ్ళం కొనకూడదని చట్టం ఉంది కాబట్టి పేరు అతనిదే ఉండిపోయింది, పంట మాత్రం మా ఇంటికి వచ్చేది. భీమయ్య ఆ చేలోనే మాకు కూలికి వచ్చేవాడు. చిన్నప్పుడు నాకది వింతగా అనిపించలేదు. పెద్దయ్యాక అనిపించిందా? అనిపించింది. అనిపించినా ఊరుకున్నాను.

భీమయ్య భార్య ముత్తక్క. తమ్ముడు పుట్టాక అమ్మ చాలాకాలం మంచం దిగలేదు, అప్పుడు నన్ను పెంచింది ముత్తక్కే. కోయ భాష నాకు ఆమె ఒళ్ళోనే వచ్చింది. గూడెం పిల్లలు నవ్వకుండా వినేంత బాగా వచ్చింది.

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి. మా వైపు ఓట్లు ఎవరి చేతిలోనూ ఉండవు. గని కార్మికుల క్వార్టర్లలో ఒక జెండా, కింది పల్లెల్లో మరో జెండా, ఒకే ఇంట్లో అన్నదమ్ములవి రెండు. ఆ ఏడు పోటీ మరీ గట్టిగా ఉంది. అడవి గూడేలు ఎటు మొగ్గితే వాళ్ళదే గెలుపని బస్సులో కండక్టరు కూడా చెప్పేవాడు. అందుకే ఎన్నడూ రాని జీపులు మా బాట పట్టాయి.

వాటిలో ఒకటి పోటీలో ఉన్న వకీలు సారుది. కొత్తగూడెంలో ప్రాక్టీసు. గిరిజనుల భూమి కేసులు వాదిస్తాడని పేరు. ఆయన మాటలు కోయలో చెప్పే కుర్రాడు మలేరియాతో దవాఖానాలో పడ్డాడట. ఊళ్ళో ఎవరికి రెండు భాషలూ వచ్చునని అడిగితే అందరూ మా ఇల్లు చూపించారు. ఆయన మా గుమ్మంలో నిలబడి నన్ను పంపమని నాన్నను అడిగాడు, మేం ఎవరి భూమి దున్నుతున్నామో తెలియకుండానే.

మీరు ఇక్కడ ఒక సంగతి అనుకుంటారు. నాన్నే నాకు చెప్పి పంపాడని. నేను కూడా చాలాకాలం అలా అనుకోవాలని ప్రయత్నించాను. కానీ నాన్న అన్నది ఇదే: "ఆయనేం చెబితే అదే చెప్పమ్మా. ఎలక్షనోళ్ళతో మనకి పేచీలొద్దు."

గూడెంలో ఇప్పచెట్టు కింద జనం కూర్చున్నారు. సంతలో ఉప్పు, పొగాకు బేరమాడేంత తెలుగు అందరికీ వచ్చు. కోర్టు, దరఖాస్తు, అప్పీలు ఉండే తెలుగు రాదు. అందుకే అందరూ నా నోటివైపే చూస్తున్నారు. ముందు వరుసలో ముత్తక్క, ఆమె పక్కన భీమయ్య.

వకీలు సారు మొదట రోడ్డు గురించి చెప్పాడు, బోరింగు గురించి చెప్పాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. తర్వాత ఆయన గొంతు పెంచి అన్నాడు: "మీ భూములు పరాయోళ్ళ చేతిల ఉన్నయ్. అవి మళ్ళ మీ చేతికి ఇప్పిస్త. కాయితం మీద ఏలిముద్ర ఏస్తే చాలు, మిగిలింది నేను చూసుకుంట."

నేను చెప్పింది ఇది: "మీరు కాగితం మీద వేలిముద్ర వేయాలట. మీ భూములు ఆయన చూసుకుంటాడట."

అంతే. కొత్తగా ఏమీ కలపలేదు. భూములు తిరిగి ఇప్పిస్తానన్నది వదిలేశాను. ఆ గూడెంలో పోయిన ప్రతి భూమి చెక్కా వేలిముద్రతోనే పోయిందని నాకు తెలుసు. తెలిసే వదిలేశాను. అప్పుడు నా కళ్ళ ముందు ఏముంది? మా చేను. నన్ను ఖమ్మంలో డిగ్రీకి పంపుతానన్న నాన్న. ముత్తక్క ముఖం కూడా ఉంది, నిజం చెప్పాలంటే. దాన్ని చూస్తూనే చెప్పాను.

జనం తలలు వంచుకున్నారు. దాన్ని ఆయన గౌరవం అనుకున్నాడు. జీపెక్కుతూ నా తలమీద చెయ్యిపెట్టి, "మంచిగ చెప్పినవ్ బిడ్డా" అన్నాడు.

జీపు పోయాక ముత్తక్క నా దగ్గరికొచ్చింది. కోయలోనే అడిగింది, తెలుగులో రాస్తున్నాను.

"ఏలిముద్ర అన్నడా?"

"అవ్."

"గా సారు గూడ గట్లనే అన్నడా?"

"అవ్ ముత్తక్కా. గట్లనే అన్నడు."

ఆమె నమ్మింది. నా మాట కాక ఇంకెవరి మాట నమ్ముతుంది?

ఆ మాట చుట్టరికాల వెంట నాలుగైదు గూడేలకు పాకింది. వకీలు సారు ఓడిపోయాడు, కొద్ది ఓట్ల తేడాతో. మా గూడేల ఓట్లన్నీ పడినా ఆయన గెలిచేవాడు కాదేమో అని ఎన్నోసార్లు లెక్క వేసుకున్నాను. ఆ లెక్కతో చాలాకాలం గడిపాను. కానీ ఓటమి ఒక్కటే అయితే నేనివాళ ఇది రాయను. ఆయన ఓడాక కూడా కేసులు మానలేదు. చుట్టుపక్కల ఊళ్ళలో కొందరికి భూములు తిరిగొచ్చాయి. మా గూడెం వైపు రెండుసార్లు వచ్చాడు. ఒక్కరూ ఆయన దగ్గరికి పోలేదు. భీమయ్య చనిపోయేదాకా తన చేలోనే కూలి చేశాడు. ఆ చేను పత్తితో నేను డిగ్రీ చేశాను, టీచరునయ్యాను. నాన్న తర్వాత తమ్ముడు దున్నుతున్నాడు.

పోయిన నెల ఊరికి వెళ్ళాను. తమ్ముడి ఇంటికి కాదు, గూడేనికి. ముత్తక్క వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నన్ను చూసి నవ్వింది, పక్కన చాప వేసింది. కూర్చుంటే ఇక చెప్పలేనని నిలబడే చెప్పాను. కోయలో మాటలు చాలా మరిచిపోయాను, తడబడ్డాను. అయినా మొత్తం చెప్పాను. ఆ రోజు ఆయన ఏమన్నాడో, నేను ఏం వదిలేశానో.

ఆమె చేతులు ఆగాయి. తలెత్తి అడిగింది.

"మీ నాయిన చెప్పమన్నడా?"

పోయిన మనిషి మీదికి తోసేస్తే ఇద్దరికీ తేలికయ్యేది. ఆమె అందుకే అడిగిందేమో కూడా. ఒక్క తల ఊపు చాలు.

"లేదు," అన్నాను. "నేనే."

ముత్తక్క లేచి లోపలికి పోయింది. మళ్ళీ బయటికి రాలేదు. ఆమె కొడుకు రామయ్య గడపలో నిలబడి అంతా విన్నాడు. ఆ చేను ఎవరిదో, మా చేతికి ఎట్లా వచ్చిందో ఏ ఆఫీసరు ముందైనా వచ్చి చెబుతానన్నాను. "చూద్దాం" అన్నాడు, నా ముఖం చూడకుండా. తమ్ముడికీ ఆ సాయంత్రమే చెప్పాను. అప్పటినుంచి వాడు మాట్లాడటం లేదు. చేను తిరిగిపోతుందో లేదో నాకు తెలియదు. ముత్తక్క నన్ను క్షమిస్తుందనీ అనుకోవడం లేదు. అడగలేదు కూడా. అడిగే హక్కు ఎక్కడిది?

మరి ఎందుకింత తేలిగ్గా ఉంది? సిగ్గుగా ఉంది ఈ మాట రాయడానికి, కానీ ఉంది. ఆ రోజు ఊళ్ళో బస్సెక్కగానే కిటికీకి తల ఆనించి నిద్రపోయాను. ఇల్లందులో కండక్టరు భుజం తట్టి లేపాల్సి వచ్చింది. దిగగానే విపరీతంగా ఆకలేసింది. బస్టాండు పక్క హోటల్లో కూర్చుని కడుపు నిండా తిన్నాను.