ఎలాగూ ఊదడానికే వెళ్తున్నాను

ఆర్విడ్ ముసలాయనకి గొట్టంలో ఊదే పిచ్చి. దక్షిణ డకోటాలోని ఆ ఊళ్లో తాగి బండి నడిపి దొరికినవాళ్లని జైల్లో పెట్టే బదులు, పొద్దున ఏడింటికీ సాయంత్రం ఏడింటికీ షెరీఫ్ ఆఫీసుకొచ్చి, తాగారో లేదో తేల్చే పరికరంలో ఊదమంటారు. ఒక్క పూట తప్పినా జైలే. గడువు ఎప్పుడు తీరుతుందా అని అందరూ రోజులు లెక్కపెట్టుకుంటారు. ఆర్విడ్‌కి ఏప్రిల్లోనే తీరింది, లైసెన్సూ తిరిగొచ్చింది. సెప్టెంబరు వచ్చినా ఆయన ఊదడం మానలేదు.

"ఎంతొచ్చింది?"

"సున్నా," అంటుంది డెప్యూటీ లోరీన్.

"బడిలో ఈ మార్కు తెస్తే మా అమ్మ చీపురు తిరగేసేది. నువ్వు మెచ్చుకుంటున్నావు."

"నేనెక్కడ మెచ్చుకున్నానండీ?"

"మనసులో."

పైగా వరుసలో ఉన్నవాళ్లకి పాఠాలు: "బుగ్గలు పూరించకు. సూప్ చల్లార్చుకుంటున్నావనుకో." ఓసారి వడగళ్లు పడుతుంటే నెత్తిన బకెట్ బోర్లించుకొచ్చి మరీ ఊదాడు.

ఆ సోమవారం షెరీఫ్ విసుక్కున్నాడు. జాబితాలో లేనివాళ్లకి గొట్టం ఇవ్వొద్దన్నాడు.

"ఇక రాకండి, ఆర్విడ్ గారూ," అంది లోరీన్.

ఆయన మొహం వాడిపోయింది. "పోనీ మళ్లీ శిక్ష వేయించు. ఎంత తాగాలో చెప్పు."

"మతి గానీ పోయిందా?"

ఆయన గొంతు తగ్గించి కిటికీలోంచి తన పికప్ ట్రక్కు చూపించాడు. ఇందాక ఊది వెళ్లిన జనెల్ అందులో కూర్చుని ఉంది. ఆయన పక్క పొలం మనిషి, ఇద్దరు పసిపిల్లల తల్లి. లైసెన్సు పోయింది. ఇల్లు పద్నాలుగు మైళ్లు.

"నాకింకా శిక్ష ఉందని చెప్పాను. మనవాళ్ల సంగతి నీకు తెలియందేముంది? నీకోసం వస్తానంటే ఎక్కరు. ఎలాగూ వెళ్తున్నానంటేనే ఎక్కుతారు. తెలిస్తే ఆ పిల్ల నడిచొస్తుంది. ఒక్క పూట ఆలస్యమై లోపలేస్తే, పసివాళ్లని ఎవరు చూస్తారు?"

లోరీన్‌కి ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఆయన బయటికి వెళ్లగానే కిటికీ తెరిచి, వీధంతా వినబడేలా అరిచింది.

"సాయంత్రం నిమిషం ఆలస్యమైనా జైల్లో వేయిస్తాను, ఏమనుకున్నారో!"

ఆర్విడ్ బుద్ధిగా తల దించుకుని బండెక్కాడు.

"ఆవిడకి మీ మీద అంత కోపమేంటి?" అంది జనెల్ జాలిగా.

"శిక్ష తగ్గించమని అడిగాను. ఇంకో ఎనిమిది నెలలు పెంచింది."

"అయ్యో. నాకూ ఎనిమిది నెలలే ఉంది."

"అలాగా," అన్నాడు ఆర్విడ్, బండి స్టార్ట్ చేస్తూ.