చెదలు తిన్న మామిడికాయ

కృష్ణా జిల్లా మొత్తం మీద పిల్లల ముందు నిజం మామిడికాయ పెట్టి "చూసి గీయండి" అన్న మొదటి డ్రాయింగు మాస్టారిని నేనే. ఈ మాట చాలా సభల్లో చెప్పాను. బొమ్మల చదువు మన బళ్లలోకి ఎలా వచ్చిందో రాసిన పుస్తకంలో దీనికి ఒక పేజీ కూడా ఇచ్చుకున్నాను.

ఇప్పుడు ఆ గొప్పను కొంచెం దించుకుంటాను. మొదటివాణ్ణో కాదో నాకు తెలియదు. ఆ ఆలోచన మాత్రం నాది కాదు.

అరవయ్యో దశకం మొదట్లో నూజివీడు బళ్లో నాది టెంపరరీ ఉద్యోగం. అప్పట్లో డ్రాయింగంటే బొమ్మ అచ్చేసిన కార్డును బోర్డుకు తగిలించడం, పిల్లలు దాన్ని దించడం. ఊరి చుట్టూ తోటలు. అయినా మా పిల్లలు గీసేది కార్డు మీది మామిడికాయనే. అది బుడగలా నున్నగా ఉండేది.

ఒక వేసవి ముందు హెడ్మాస్టరు గారు పిలిచి, "సోమవారం ఇన్‌స్పెక్టరు గారొస్తున్నారు. మీ క్లాసు ఆయనకు నచ్చకపోతే ఆ పీరియడు లెక్కలకిచ్చేస్తానండీ," అన్నారు. అంటే నేను పెట్టె సర్దుకుని మా ఊరు బాపులపాడు బస్సెక్కాలి.

సోమవారం పొద్దున్నే బీరువా తెరిస్తే కార్డులన్నీ చెదలు తినేశాయి. మామిడికాయ కార్డుకు తొడిమ ఒక్కటే మిగిలింది. వరండాలో తల పట్టుకుని కూర్చున్నాను. కుట్టుపని నేర్పే టీచరమ్మ అటుగా వచ్చింది. చర్చి వెనక వాళ్ల పెరట్లో కాసిన కాయలు నాలుగు సంచిలోంచి తీసి నా ఒళ్లో పడేసింది.

"కార్డు పోయిందని ఏడుపెందుకండీ? కాయ ఉందిగా!"

నా విప్లవం అంతా ఇదే. ఆవిడకూ, ఆ చెదపురుగులకూ ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

ఇన్‌స్పెక్టరు గారు బెంచీల మధ్య తిరుగుతూ ఒక అమ్మాయి దగ్గర ఆగారు. తోటలో కాయలు కోసేవాళ్ల పిల్ల. ఆమె గీసిన కాయ మీద తొడిమ నుంచి కిందికి నల్లటి చార ఉంది.

"ఇదేంటి మాస్టారూ, ఇంకు ఒలికిందా?"

"సొన మరకండి. పిల్ల చూసిందే గీసింది," అన్నాను, గుండె నిబ్బరం చేసుకుని.

ఆయన బల్ల మీది కాయను తిప్పి చూసుకుని నవ్వారు. పీరియడు నిలిచింది. నా ఉద్యోగమూ నిలిచింది. ఆ తర్వాత చింతలపూడి దాకా బడి బడికీ తిరిగి పాత డ్రాయింగు పుస్తకాలు పోగేసి చరిత్ర రాసేంత జీవితం దొరికింది. ఇంతకన్నా ఏం కావాలి?

ఆ అమ్మాయికి ఇప్పుడు మనవలున్నారు. హనుమాన్ జంక్షన్‌లో ఉంటుంది. ఈ కాగితాలు పట్టుకెళ్లి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివింది.

"సొన అని మీరెక్కడన్నారు మాస్టారూ? మీరు రబ్బరు తీసుకుని నా బొమ్మ చెరపబోయారు. అప్పుడు నేనే లేచి చెప్పాను ఆయనకి, అది సొనండీ అని. మీరు కిటికీలోంచి బయటికి చూస్తా నిలబడ్డారు."