చెవులపిల్లుల చేను

నా భార్య పోయిన నెల చనిపోయింది. జ్వరం వచ్చిన ఐదో రోజు. కంభం నుంచి డాక్టరు వచ్చేసరికే అయిపోయింది. దూరాన ఉన్న స్నేహితులు చాలామందికి ఈ సంగతి తెలియదు. విడివిడిగా ఉత్తరాలు రాయడం నా వల్ల కాలేదు. అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

సమాధి దగ్గర నుంచి తిరిగి వస్తుంటే మా ఊరి మునసబు దారిలో ఎదురుపడ్డాడు. రెండు మాటలు పరామర్శ చేశాడు. మూడో మాట ఇది.

"ఇంగ ఆ కొండకింద చేను ఎవరు చూస్తరు పంతులా?"

"నేను చూస్తా" అన్నాను.

"బలపం పట్టిన చెయ్యి నీది. కంప పట్టగలవా?"

"పడతా" అన్నాను.

ఈ ఏడు కంది చల్లాను. మొలిచింది. ఆయనకు ఆ జవాబు చాలు. చదివేవారికి మాత్రం ఆ చేను సంగతి చెప్పాలి. చేను చెప్పకుండా నా భార్యను గురించి చెప్పడం కుదరదు.

రెండెకరాలు. నల్లమల అంచున రాళ్ల నేల. మేము దరఖాస్తు పెట్టుకుంటే సర్కారు ఇచ్చిన బంజరు. షరతు ఒకటే. మూడేళ్లలో చేనంతా సాగులోకి రావాలి. రాకపోతే పట్టా రద్దవుతుంది. అంతకు ముందు అక్కడ మునసబు పశువులు మేసేవి. రద్దయితే మళ్లీ మేస్తాయి. మా రెండు కుటుంబాల్లోనూ అప్పటిదాకా సొంత నేల ఉన్నవాళ్లు లేరు. ఇంకొకరి చేలో కూలి చేసి బతికినవాళ్లే. మిషన్ వారి దయవల్ల నేను గుంటూరులో కాలేజీ దాకా చదివి బడిపంతులునయ్యాను. నేల గురించి నాకేమీ తెలియదు.

"నా ఉద్యోగం ఉంది కదా, ఈ రాళ్లు మనకెందుకు?" అని ఒకసారి అన్నాను.

"ఉద్యోగం నీది. పొమ్మంటే పోతది. నా నేల మీద నిలబడితే నన్ను పొమ్మనేటోడు ఎవడు?" అంది.

మొదటి ఏడు కంది రెండాకులు వేసింది. వారం తిరగకుండా సగం చేను క్షవరం చేసినట్టు అయింది. చెవులపిల్లులు. కుందేళ్లను మా వైపు అలాగే అంటారు. మునసబు నలుగురిలో నవ్వాడు.

"సర్కారోళ్లు చెవులపిల్లులకు పట్టా ఇచ్చినారంట."

ఆ మాట ఊరంతా పాకింది. మా నేలకు చెవులపిల్లుల చేను అని పేరు పడింది. నాకు అవమానంగా ఉండేది. ఆమె పట్టించుకోలేదు.

"అననియ్యి. ఈ ఊర్లో పేరుండే చేను మనదొక్కటే" అంది.

ఆమె నాయన పెద్దారవీడు వైపు ఇతరుల చేలకు కావలి ఉండేవాడు. ఆమె విద్య అంతా ఆయన దగ్గర నేర్చిందే. చేను చుట్టూ రేగు ముళ్లకంపతో దడి కట్టింది. దడి లోపల రెండు వరసలు ఆముదం వేసింది. చెవులపిల్లి ఆముదం ముట్టదు. దడిలో నాలుగు చోట్ల, మనిషి పట్టేంత వెడల్పున, కావాలని కంతలు వదిలింది. పొద్దు వాలే వేళకు కంత దగ్గర మట్టిని ఆకుల కొమ్మతో చదును చేసేది. తెల్లారి పోయి వంగి చూసేది. ఏది వచ్చింది, ఎటు వచ్చింది, తల్లా పిల్లా, ఆ మట్టిలో ఆమెకు తెలిసిపోయేది. ఎక్కువ నడిచే కంత ఏదో తేల్చుకుని, అక్కడ జనుప నార వల కట్టేది. తర్వాత చేను లోపలి నుంచి తప్పెట కొట్టుకుంటూ వచ్చేది. లోపల మేసే జంతువు తను వచ్చిన దారినే పారిపోతుంది. వలలో పడుతుంది. శనివారం సాయంత్రం మాత్రం వల విప్పేసేది. ఆదివారం ప్రార్థన. "ఆ పొద్దు వాటికి గూడ సెలవే" అనేది.

రెండో ఏడు నేను చేసిన పని చెబుతాను. ఆమె ఉండగా ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

మొలక వచ్చే వేళకు తమ్ముడి పెళ్లి అని ఆమె పుట్టింటికి వెళ్లింది. దడిలో ఆ కంతలు చూస్తే నాకు నవ్వు వచ్చేది. దొంగకు తలుపు తీసిపెట్టే దడి ఏమిటి? వ్యవసాయ శాఖ వారి కరపత్రం ఒకటి చదివి ఉన్నాను. చేను పూర్తిగా మూయాలని అందులో ఉంది. ఇద్దరు కూలీలను పెట్టి నాలుగు కంతలూ బిగించి మూయించాను. రోజూ బడి అయ్యాక దడి చుట్టూ తిరిగి చూశాను. బయట ఒక్క అడుగుజాడ లేదు. గెలిచాననుకున్నాను. లోపల చూడలేదు.

మూసిన రోజు లోపల ఎన్ని పడుకుని ఉన్నాయో తెలియదు. వాటికి బయటికి పోయే దారి లేదు. వారం రోజులు హాయిగా మేశాయి. ఆమె వచ్చి చూసింది. పంగల కర్రతో కంప ఎత్తి కంతలు తీసింది. తీస్తూ ఇంత మాత్రం అంది.

"పోయేదానికి దారి లేకుంటే అది ఉండేదానికే చూస్తది గదయ్యా."

ఆ తర్వాత నా పెళ్లి జీవితంలోనూ, బడిలోనూ ఆ మాట చాలాసార్లు పనికి వచ్చింది. పిల్లవాణ్ణి గదమాయించే ముందు వాడికి ఒక దారి వదలడం నేర్చుకున్నాను.

ఆ ఏడు పంట అజమాయిషీకి రెవెన్యూ ఇనస్పెక్టరు వచ్చాడు. సగం చేను ఖాళీ. ఎందుకిలా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా ఆమె ముందుకు వచ్చింది. "దడి నేనే సరిగా చూసుకోలేదయ్యా" అంది. ఇనస్పెక్టరు మునసబు ఇంటికి వెళ్లి భోజనం చేసి అక్కడే లెక్క రాశాడు. సగం ఖాళీ అని చూసినది, కాగితం మీదికి వచ్చేసరికి సాగు లేదు అని మారింది. ఇక మిగిలింది ఒక్క ఏడు.

మూడో ఏడు ఫారెస్టు గార్డు వచ్చి పడ్డాడు. అడవి జంతువుకు వల కట్టడం నేరమన్నాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.

"అన్నా, పోయినేడు మా మేక నీ అడవిలో కాలు పెడితే ఏం జేసినావు?" అని అడిగింది.

"బందెలదొడ్డికి తోలినా. రూలు."

"నీ చెవులపిల్లి నా చేన్లో మేసింది. ఏ దొడ్డికి తోలమంటావో చెప్పు. ఇప్పుడే తోలుతా."

గార్డుతో వచ్చిన మనిషి పక్కకు తిరిగి నవ్వాడు. దాంతో గార్డుకు కోపం వచ్చింది. కత్తితో వల నిలువునా కోసి వెళ్లాడు. ఆమె ముక్కలు ఏరుకుని ఇంటికి వచ్చింది. ఏడవలేదు. తొమ్మిది రోజులు, పని అయ్యాక వాకిట్లో కూర్చుని ఆ వల మళ్లీ అల్లింది. వల లేని ఆ తొమ్మిది రోజులూ తెల్లవారక ముందే లేచి, తప్పెట కొడుతూ తనే చేనంతా తిరిగింది. నేనూ తిరిగాను. నా చేతికి ఒక పాత రేకు డబ్బా ఇచ్చింది.

కంది నిలిచింది.

మళ్లీ అజమాయిషీ వచ్చింది. ఇనస్పెక్టరు కొత్తవాడు, వయసులో చిన్నవాడు. మునసబు వెంట తూర్పు కంత గుండా లోపలికి వచ్చాడు. నాలుగు మూలలూ నడిచి చూశాడు. ఎక్కడా ఖాళీ లేదు. మునసబు ఆయన చేతిలో పుస్తకం వైపు చూశాడు.

"ఎండ దంచుతాంది. మా ఇంటికాడ నెమ్మదిగా రాసుకుందురు రాండయ్యా."

పోయిన ఏటి లెక్క నాకు గుర్తొచ్చింది. అంతలో వెనక చప్పుడు వినిపించింది. ఆమె పంగల కర్రతో పెద్ద రేగు మండ ఎత్తి కంతకు అడ్డంగా వేసింది. మిగతా మూడు కంతలకూ పొద్దున్నే కంప వేసి ఉంది. మేం నలుగురమూ దడి లోపలే ఉన్నాం.

"చూసిన చోటే రాయండయ్యా. ఇంట్లో రాస్తే ఈ చేను చిన్నదైపోతది" అంది.

"ఏందే, సర్కారు మనిషికే కంప అడ్డం ఏస్తావా?" అని మునసబు అరిచాడు.

"చెవులపిల్లిని ఆపే కంప మునసబయ్యా. సర్కారును ఆపేదానికి ఏడ సరిపోతది? అయ్యగారు రాసినంక నేనే తీస్తా."

ఇనస్పెక్టరు కంప వైపు చూశాడు. తన తెల్ల పంచె చూసుకున్నాడు. ఒక బండరాయి మీద కూర్చుని పుస్తకం తెరిచాడు. రెండెకరాలూ సాగు అని రాశాడు.

"సాగు చేస్తున్నది ఎవరు?"

"పంతులే" అన్నాడు మునసబు.

"నేను కాదండీ, ఆమె" అన్నాను. రెండో ఏడు చెప్పాల్సిన నిజం అప్పటికి నా నోట వచ్చింది. "పంతులు చేసింది కంతలు మూయడం ఒక్కటే."

ఆయన ఆమె పేరు అడిగి రాశాడు. చదివి వినిపించమని ఆమె నన్ను అడగలేదు. బైబిలు కోసం నేర్చుకున్న చదువు ఉంది. వంగి, తనే వేలు పెట్టి చదువుకుంది. ఆ పేరు ఇక్కడ రాయను. ఉండవలసిన చోట ఉంది.

ఆమె కంప తీసింది. మునసబు ఎవరి వైపూ చూడకుండా ముందు నడిచాడు. ఇనస్పెక్టరు నా దగ్గర ఆగాడు.

"పంతులుగారూ, ఇంట్లో కూడా ఇలాగే కంప అడ్డం వేస్తుందా?"

"వేస్తుందండీ. మీకు తొందరగానే తీసింది."

వాళ్లు వాగు దాటేదాకా ఆమె ముఖం కదలలేదు. దాటాక కర్ర వదిలేసింది. కడుపు పట్టుకుని నవ్వుతూ సాళ్ల మధ్యకు నడిచి, నిలబడలేక అక్కడే కూలబడింది. ఆ ఏడు కంది మనిషెత్తు పెరిగింది. నిండా పసుపుపచ్చని పూత. ఆమె నాకు కనిపించలేదు. కూర్చున్న చోట నాలుగు కొమ్మలు ఊగుతున్నాయి. నవ్వు వినిపిస్తూనే ఉంది.