తిరిగొచ్చిన సీసా

సార్ పోయారని పొద్దున పక్కింటి ఫోనుకు కబురొచ్చింది. సరేనని పెట్టేసి, పొయ్యి మీది పప్పు దించి, రోజులాగే హిమాయత్‌నగర్ ఆఫీసుకు బస్సెక్కాను. నారాయణగూడ వచ్చాక గాని దిగి సార్ ఇంటికి వెళ్లాలని తోచలేదు. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

అశోక్‌నగర్‌లో ఒక మేడ మీది గదిలో, ఆయన దగ్గర పనికి చేరిన మా నలుగురికీ పని నేర్పింది ఆయనే. ప్రోగ్రాం రాయడం కాదు. రాయకముందు అది ఏం చేయాలో గణితంలో, అనుమానానికి చోటు లేకుండా రాయడం. గదిలో ఉన్న ఒక్క కంప్యూటర్‌నూ ముట్టనిచ్చేవారు కాదు. పెద్ద పనిని ముక్కలు చేసి, ముక్కకో కాగితం రాయించేవారు. పైన ఆ ముక్క దేన్ని నమ్ముకుందో, కింద దేనికి హామీ ఇస్తుందో రాయాలి. ఒకదాని హామీ ఇంకొకదాని నమ్మకానికి సరిపోతేనే రెండిటినీ కలిపి గుండుసూది గుచ్చేవారు. సరిపోకపోతే సూది పళ్ల మధ్య పెట్టుకుని మమ్మల్నే చూస్తూ కూర్చునేవారు. ఆ చూపు కంటే తిట్లు నయం.

ఒకసారి ఒక ఆసుపత్రి రక్తనిధి పని వచ్చింది. లైబ్రరీకి చేసిన పాత కాగితాలు ఉండగా మళ్లీ రాయడమెందుకని, పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే ముక్కను తెచ్చి, పుస్తకం అన్నచోటల్లా సీసా అని మార్చాను. ముక్కలుగా రాసేది ఇందుకే కదా అని నా తెలివికి నేనే మురిసిపోయాను. పైన రాసిన నమ్మకాలు చదవలేదు. చదివానని సార్‌తో చెప్పాను.

తిరిగొచ్చిన పుస్తకం అరలోకి పోయి ఇంకొకరికి అందుతుంది. నా కాగితం ప్రకారం వార్డు నుంచి తిరిగొచ్చిన రక్తం సీసా కూడా అంతే. అది ఫ్రిజ్ బయట ఎంతసేపు ఉందో, పాడైందో లేదో అడిగే దిక్కు లేదు.

అప్పగించే రోజున, ఆసుపత్రివాళ్లు ఎదురుగా ఉండగానే సార్ దాన్ని పట్టుకున్నారు. "జర ఆగుండ్రి. ఇందుల తప్పున్నది. తప్పు నాది," అన్నారు. ఆ పని చేజారింది. వాళ్లు వెళ్లాక, నా వైపు చూడకుండా, అందరికీ చెప్పినట్టే, "తెచ్చుకున్న ముక్కను ముందుగాల అడగాలె, దేన్ని నమ్ముకొని బతుకుతున్నవని," అన్నారు. అబద్ధమాడానని ఒప్పుకోవడానికి ఆ తర్వాతి నాలుగేళ్లు చాలలేదు నాకు. ఈ రోజుకూ ఏ కాగితం ముట్టుకున్నా ముందు పై భాగమే చదువుతాను. అది ఆయన పెట్టిన భిక్ష.

చిక్కడపల్లిలో సార్ ఇంట్లో జనం పలచబడ్డాక, సమయం కాదని తెలిసీ, ఆయన భార్యతో అంతా చెప్పేశాను. ఆవిడ ముఖం మారలేదు.

"ఎర్కే బిడ్డా. ఆయనకు ఆ దినమే ఎర్కే. నువ్వు పొద్దటిసంది అన్నం తినలే, ఏమన్న అంటే పని ఇడిసిపెట్టి పోతవేమోనని ఆయనే భయపడ్డడు."

వరండాలోకి వచ్చాను. దండెం మీద సార్ చొక్కా ఉంది. నిన్న ఉతికింది, ఎప్పుడో ఆరిపోయింది. ఎవరూ తీయడం లేదు.