దీనమ్మ టీచరు ఇంటి పెళ్లికి నేను రప్పించిన వాన

ఖరగ్‌పూర్‌లో ఒక పెళ్లి భోజనాన్ని నేను ఒంటిచేత్తో ఎలా నాశనం చేశానో చెబుతాను, వినండి. పిడుగు పడలేదు, గాలివాన రాలేదు. ఆ రెండూ రాకపోవడమే ఉపద్రవం. మబ్బును చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకున్నవాడు మీకు తెలుసు. మబ్బైనా లేకుండా పక్కవాళ్ల ముంత ఒలకబోయించినవాణ్ని నేను.

అరవైల నాటి మాట. వాతావరణం పాఠాలు ఎలా చెప్పాలో కలకత్తాలో నేర్చుకొచ్చాను. వేసవిలో బడి టీచర్లకు ఆ విద్య నేర్పే పని నాకు అప్పగించారు. మీసమింకా సరిగ్గా రాలేదు గానీ, ఆకాశం మా తాతగారి ఆస్తి అన్నట్టు నడిచేవాణ్ని. నా ఎదుట బెంచీ మీద కూర్చున్నవాళ్లలో దీనమ్మ టీచరు ఒకరు. చిన్నప్పుడు నాచేత అక్షరాలు దిద్దించినావిడ.

అప్పుడే ఆవిడ కూతురి పెళ్లి కుదిరింది. రైల్వే గార్డుగా ఉన్న భర్త పోయాక, ఆ తల్లీకూతుళ్లను కనిపెట్టుకుని ఉన్నది మా ఓల్డ్ సెటిల్‌మెంట్ పేట జనమే. వాళ్లందరినీ ఒక్క బంతిలో కూర్చోబెట్టి తన చేత్తో వడ్డించాలని ఆవిడ కోరిక. అందుకే విందు మైదానంలో, ఆరుబయట.

ఇక నా పరికరం. రెండు థర్మామీటర్లు పక్కపక్కన ఉంటాయి. ఒకదాని బల్బుకు తడిగుడ్డ చుడతారు. గాలి పొడిగా ఉంటే ఆ తడి ఆరుతూ చల్లబడి, పాదరసం కిందికి దిగుతుంది. రెండూ ఒకేలా ఉంటే గాలి నిండా తేమే. ఆ గుడ్డ కాస్తా చిరిగింది. మా వీధుల్లో సైకిలు తుడవాలన్నా, కిటికీ సందు మూయాలన్నా రైల్వే వర్క్‌షాపులో యంత్రాలు తుడిచే నూలు పీచే గతి. ఫిట్టరైన మా నాన్న జేబులోంచి ఇంత పీచు లాగి చుట్టేశాను. అది ఇంజన్ నూనె తాగిన పీచు. నీళ్లు దాన్ని అంటనే లేదు. రెండు పాదరసాలూ కవల పిల్లల్లా ఒకే ఎత్తున నిలబడ్డాయి.

పెళ్లి రోజు పొద్దున్నే దీనమ్మగారు వచ్చారు.

"బాబూ, సాయంత్రం గాలివాన గాని వస్తాదేటి? నీ యంత్రం ఏటంటోంది?"

"వానే టీచరుగారూ! గాలి నిండా నీళ్లే."

"ఆకాశం అద్దంలాగున్నాది గదా?"

"ఆకాశం మోసం చేస్తాది. యంత్రం చెయ్యదు. విందు బడి గదుల్లోకి మార్చేయండి."

"అందరూ ఒక్కసోట కూసోడానికి అవదు గదా, నాయనా."

"తడిసిన విస్తట్లో ఏటి తింటారండి?"

ఆవిడ "సదువుకున్నోడివి, నీ మాటే" అన్నారు.

సాయంత్రం ఆకాశం నిండా చుక్కలే. గదుల్లో జనం ఇడ్లీల్లా ఉడికారు. ఒక గదికి అన్నం వెళ్తే ఇంకో గదికి కూర వెళ్లింది.

"ఏరా వాన మేస్టారూ, గొడుగు తెమ్మంటావా?" అని ఒకాయన.

"గొడుగేటి, ముందు విసనకర్ర తెమ్మను!" అని ఇంకొకాయన.

పోయిన భర్త స్నేహితులు నిమ్‌పురా రైల్వే యార్డు నుంచి వస్తే, వాళ్లకు చోటు దొరకలేదు. డ్యూటీ వేళ ముంచుకొచ్చింది. "ఠీక్ హై దీదీ, ఏటనుకోకండి" అని తినకుండానే వెళ్లిపోయారు. గిన్నె చేత్తో పట్టుకుని ఆవిడ గేటు దగ్గరే నిలబడిపోయారు. నాకు ఏడుపొచ్చింది. ఒక్క చుక్క రాలినా బాగుండునని దేవుళ్లందరికీ మొక్కాను.

నూనె సంగతి మర్నాడు క్లాసులో ఆ పీచు పిండి చూస్తే బయటపడింది. శిక్షణ చివర ఇన్‌స్పెక్టరుగారు వచ్చి, "రెండు థర్మామీటర్లూ ఒకేలా ఉంటే ఏం చేయాలి?" అని అడిగారు. దీనమ్మగారు లేచి, "ముందు గుడ్డ పిండి చూడాలండి. తడి రాకపోతే పాఠం చెప్పినాయన్ని పిండాలండి" అన్నారు. ఆయన నూటికి నూరు వేశారు.

ఏడాది తిరిగాక మనవరాలు పుట్టిందని ఆవిడ మళ్లీ విందు పెట్టారు. ఈసారి మైదానంలోనే, ఒక్క బంతి. నిమ్‌పురా వాళ్లకు మొదటి విస్తళ్లు. నేను ముందే శుభ్రమైన గుడ్డ చుట్టి, పాదరసం చూసి, "చినుకు కూడా పడదు" అని చాటింపు వేశాను. పప్పు వడ్డిస్తుండగా పడమటి నుంచి గాలి లేచింది. కుంభవృష్టి! నేను లేవబోయాను. దీనమ్మగారు నా భుజం మీద చెయ్యి వేసి, "కూసో బాబూ, ఈసారి ఎవులూ లేవరు" అన్నారు. నిజంగానే ఒక్కరూ లేవలేదు.

ఆ తడి విస్తరి ముట్టుకుని, సమస్త మేఘాల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. నలుగురూ భోంచేసే చోట నా నోరు అన్నానికి తప్ప మరి దేనికీ తెరవను.