తల కోసిన మొక్కజొన్న

మా బావ, అంటే మా ఆయన అన్న, పోయి చాలా ఏళ్లయింది. పోయినవాళ్లను తిట్టకూడదని మా పిల్లలు నన్ను కోప్పడతారు. ఆయన బతికున్నప్పుడు తిట్టడానికి నాకు నోరెక్కడ ఇచ్చారు? మా ఇళ్లలో తమ్ముడి పెళ్లాం బావ ఎదుట నిలబడదు, ఆయనతో మాట్లాడదు. ఆయన వస్తుంటే కొంగు కప్పుకుని గోడ వారగా తప్పుకోవాలి. ఏదైనా చెప్పాలంటే ఆయన భార్య చెవిన వేయాలి. తోటికోడలిని నేను అక్కా అని పిలిచేదాన్ని. నా మాట ఆయనకు, ఆయన మాట నాకు ఆమె చేరవేసేది. ఒకే బావి దగ్గర అంతకాలం నీళ్లు చేదుకున్నా, ఆయన ముఖం నిండుగా చూసింది ఒక్కసారే. ఆ ఒక్కసారి గురించే చెబుతాను.

తెల్లదొరల కాలం, యుద్ధం నడుస్తున్న రోజులు. తిరుపతికి పడమట, పాకాల రైలు దారి పక్కన మా ఊరు. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు మంచి పొలం పెద్దవాడికి పోయింది, బావి కింద చివరి ముక్క మాకు వచ్చింది. బావి ఉమ్మడి. తోలు బానతో నీళ్లు పైకి లాగే కపిలకు కట్టే ఎద్దులు మాత్రం బావవి. మా ఆయన వాళ్ల పొలం దున్నిపెట్టాలి, బదులుగా వాళ్ల ఎద్దులు మా వంతు నాడు మాకు నీళ్లు తోలాలి. పెద్దమనుషుల ముందు అనుకున్న మాట ఇది. మా ఆయన తన వంతు దుక్కి ఒక్క సాలు తగ్గకుండా దున్నాడు.

ఆ ముక్కలో మొక్కజొన్న వేద్దామన్నది నేను. మా పుట్టిల్లు తడ దగ్గర. అక్కడ మా నాయన పెరట్లో ఏటా వేసేవాడు. మా అత్తగారి ఊళ్లో వరి, జొన్న, సజ్జ, వేరుశనగ తప్ప ఇంకొకటి ఎరగరు. మొక్కజొన్నను గట్టు వెంట ఒంటి సాలుగా వేస్తే గింజ పట్టదు, గుంపుగా వేయాలి. మోకాలెత్తు రాగానే మొదళ్లకు మట్టి ఎగదోయాలి. పైన కుంచెలాగా పూత వస్తుంది, నడుమున కంకికి పీచు వస్తుంది. పూతలోని దుమ్ము పీచు మీద రాలితేనే గింజ. పీచులో ఒక్కో పోగు ఒక్కో గింజకు దారి. ఆ పీచు తెల్లగా, తడిగా ఉండే నాలుగు రోజులూ నీళ్లు తప్పకూడదని మా నాయన మరీ మరీ చెప్పేవాడు.

మొదటి ఏడు చేను మనిషెత్తు లేచింది. పీచు పడే వేళకు వాన మొహం చాటేసింది. మా వంతు వచ్చింది. ఎద్దులు రాలేదు. అక్కను అడిగాను.

"రేపు తోలతాడంటమ్మే," అంది.

మర్నాడు అడిగితే మళ్లీ రేపు. ఆ మర్నాడూ రేపే. మా ఆయన స్వయంగా వెళ్లి అడిగితే, "ఎద్దులు అలిసినాయిరా, రేపు సూస్తాం" అన్నాడట. అదే పొద్దున ఆ ఎద్దులు ఆయన వరికి నీళ్లు తోడడం నేను గట్టు మీద నిలబడి చూశాను. నేను కడవలతో మోసిన నీళ్లు మొదళ్లకు కూడా చాలలేదు. పీచు కళ్ల ముందే మాడిపోయింది. ఒలిస్తే కంకికి అక్కడో గింజ, ఇక్కడో గింజ. చేనంతా మేకలకు వదిలేశాం.

ఆ ఏడు తిండి గడవక మా ఆయన పాకాల వెళ్లి రైలు స్టేషన్లో మూటలు మోసే పనిలో చేరాడు. ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఇంకాస్త చిక్కి వచ్చేవాడు. మా పాప ఆయన్ను చూసి కొత్త మనిషనుకుని నా చీర వెనక దాక్కునేది. బావ గొంతు గోడ అవతల వినిపిస్తే పళ్లు నూరేదాన్ని. ఆయన అన్నం తింటుంటే గొంతుకు అడ్డం పడాలని కోరుకున్న రోజులున్నాయి. దాచుకోవడం ఎందుకు, కోరుకున్నాను.

మరుసటి ఏడు కపిలను నమ్ముకోలేదు. తొలకరికే గింజ నాటాను. నా అదృష్టం, పీచు పడే రోజుల్లో జల్లులు పడ్డాయి. కంకులు చివరి కొస దాకా నిండాయి. గంపకెత్తుకుని అలిపిరి తీసుకెళ్లి, కొండెక్కేవాళ్లకు కాల్చి అమ్మేదాన్ని. దింపిన గంప దింపినట్టే ఖాళీ అయ్యేది. అంతకు ముందే, మా చేను మోకాలెత్తున్నప్పుడే బావ కన్ను దాని మీద పడింది. తిరుపతి నుంచి విత్తనం తెప్పించి, బావి కింద తన మంచి పొలమంతా మొక్కజొన్నే వేశాడు. ఆయనకు నీళ్లకేం లోటు?

మా కంకుల పీచు నల్లబడి ఎండిన తర్వాత మొక్కల తలలు కోసి ఆవుకు వేస్తున్నాను. అప్పటికి పూత పని అయిపోతుంది, కోసినా నష్టం లేదు. బావ చేనుకు అప్పుడప్పుడే పూత తొంగిచూస్తోంది. అక్క గట్టు మీదికి వచ్చింది.

"ఏమ్మే, పచ్చగుండే మొక్కలకు తలలు కోస్తాండావేమి?"

"పైన గింజ యాడుండాది అక్కా? ఆవుకన్నా అవుతుంది. తల కోస్తే బలమంతా కంకికి దిగుతుందంట."

"నిజంగానా?"

"ఇదో, సూడు మరి," అని ఒక కంకి ఒలిచి చేతిలో పెట్టాను.

జొన్నకూ సజ్జకూ తల మీదే గింజ. తల మీద గింజ లేని పైరు వాళ్ల కంటికి వింత. ఆ తల దండగ, మేతకే పనికొస్తుందని ఆమె అనుకున్నట్టు ముఖంలోనే కనిపించింది. పీచు నల్లబడినాకే కోయాలి అన్న మాట నా నాలుక చివరికి వచ్చింది. రైలు స్టేషన్లో మూట కింద వంగిన మా ఆయన గుర్తొచ్చాడు. ఆ మాట మింగేశాను.

ఆ వారంలోనే బావ కూలీలను పెట్టి చేనంతా తలలు కోయించాడు. ఎద్దులు కడుపు నిండా తిన్నాయి. పాపను చంకన వేసుకుని గట్టు మీద నిలబడి చూశాను. నా కళ్లు చల్లబడ్డాయి.

తర్వాత పీచు వచ్చింది. దుమ్ము తగలని పీచు వాడదు, దుమ్ము కోసం ఇంకా ఇంకా పెరుగుతుంది. బావ చేన్లో అది జానెడు దాటి వేలాడింది. ఆయన ఆ పీచు మెలిపెడుతూ దారిన పోయే ప్రతివాడినీ పిలిచి చూపించేవాడు.

"ఇంత పొడుగు పీచు ఎవురి చేన్లో అన్నా ఉండాదా అప్పా? తమ్ముడి ఇంట్లోది ఏమి పండించింది, ఇది సూడు!"

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను.

కోత నాడు ఊరంతటికీ వినపడేలా ఆయన కేకలు మొదలయ్యాయి. ఏ కంకి ఒలిచినా బోడి కంకే, మెత్తటి తెల్లటి బెండు. నేను చేతబడి చేశానన్నాడు. పెద్దమనుషులను బావి దగ్గరికి పిలిపించి, నన్నూ పిలిపించాడు.

"తలలు కొయ్యమని నా పెళ్లానికి చెప్పింది ఈమే. అడగండప్పా, చెప్పిందా లేదా?"

నేను కొంగు తీసి భుజాన వేసుకున్నాను. పెళ్లయి వచ్చినప్పటి నుంచి మొదటిసారి ఆయన ముఖంలోకి చూశాను. ఆయన కనుబొమల మీద తెల్ల వెంట్రుకలు ఉన్నాయని నాకు అప్పటిదాకా తెలియదు.

"చెప్పినాను బావా. నేను కోసినాను, నా కంకులు నిండినాయి. దాంట్లో అబద్ధం యాడుండాది?"

"ఎప్పుడు కొయ్యాలో చెప్పలేదే!"

"పోయినేడు నువ్వు రేపు నీళ్లు తోలతానన్నావు. అది ఏ రేపో నువ్వు చెప్పినావా?"

పెద్దమనుషుల్లో ముసలాయన ఒకరు మెల్లగా అడిగారు. "నిజమేనా అబ్బా? వంతు నీళ్లు ఇయ్యలేదా?"

బావ తల దించుకున్నాడు.

"అట్లయితే ఆ బాకీ నీళ్లు ఇప్పుడే తోలు. మా ముందరనే తోలు," అన్నారు ముసలాయన.

"ఇప్పుడా? ఆ చేన్లో మోళ్లు తప్ప ఏముండాది?"

"మోళ్లకే పెట్టు బావా," అన్నాను.

ఎద్దులు కట్టాడు. తానే కపిల తోలాడు. కాలువ నిండి నీళ్లు మా ముక్కలోకి మళ్లాయి. గెలిచానని సంతోషం వస్తుందనుకున్నాను, రాలేదు. ఎండిన మోళ్ల మధ్య నీళ్లు పారుతుంటే నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఎంత సులువుగా వచ్చాయి ఆ నీళ్లు! పోయినేడు ఒక్క పూట ఇలా పారి ఉంటే నా మనిషి నా ఇంట్లో ఉండేవాడు, నా బిడ్డ తండ్రిని చూసి దాక్కునేది కాదు. అప్పటిదాకా బావ మీద ఉన్నది కోపమే. ఆ నీళ్లు చూశాక అసహ్యం పుట్టింది.

చేను తడిసి చిత్తడైంది. ఎద్దులు నురగలు కక్కుతున్నాయి. బావ చొక్కా వీపుకు అంటుకుపోయింది. ముసలాయన నా వైపు తిరిగి, "చాలు అనమ్మా, పాపం" అన్నారు.

నేను అనలేదు. పొద్దు వాలేదాకా తోలాడు.