పైనుంచి వేసిన ముద్ద

చేత్తో తినడం నాకు ఒకరు నేర్పాలా అనుకుంటూనే ఆ ఇంట్లో కూర్చున్నాను. సంగటి ముద్దకు గుంట చేసి పప్పు పోసుకుని మింగుతూ పెరిగినవాణ్ణి. నేను పలమనేరులో పశువుల డాక్టర్ని. పొదుగు వాపు రాకుండా ఆవులను ఎలా చూసుకోవాలో ఆడవాళ్ళకు నేర్పమని నన్ను ఆరు నెలలకు ఇథియోపియాలోని ఒక పల్లెకు పంపారు. నాకంటే ముందు వచ్చినాయన దగ్గరికి ఒక్కరు కూడా ఆవును తోలుకురాలేదట. పదిరోజులకే పెట్టె సర్దుకున్నాడు. ఆ ఊరి పాల సంఘానికి పెద్ద ఒక ముసలామె. ఆమె ఊ అంటేనే తక్కినవాళ్ళు కదులుతారు. మర్నాడు నా మొదటి పాఠం అనగా ఆమె నన్ను మధ్యాహ్నం భోజనానికి పిలిచింది.

ముందు చెంబుతో మా చేతుల మీద నీళ్ళు పోశారు. తర్వాత చాటంత పళ్ళెంలో ఇంజెరా వచ్చింది. టెఫ్ అనే సన్నటి గింజల పిండిని బాగా పులియబెట్టి పోసే దోసె అది. ఒకవైపే కాలుస్తారు, పైనంతా తూట్లు. దాని మీదే ఎర్రటి కోడికూర, శనగపప్పు. మిగిలిపోయిన పిండితో మూడోనాడు మా ఇంట్లో పోసే దోసె పులుపే దానిది. నాకు నచ్చింది. కారం ఎక్కువేమో అని వాళ్ళు భయపడితే, చిత్తూరువాడికి కారమా అని ఇంకాస్త వడ్డించుకున్నాను. ఆమె, మా మాటలు అటూ ఇటూ చెప్పడానికి వచ్చిన పంతులమ్మ, నేను, ముగ్గురం ఒకే పళ్ళెంలో తినాలన్నప్పుడు మాత్రం కాస్త తటపటాయించాను. ఎంగిలి అనే మాట మాకు ఉగ్గుపాలతోనే పోస్తారు. అయినా నా ముందున్న వైపే తుంచుకుంటూ గట్టెక్కాను.

ఇంతలో ఆమె ఇంజెరాలో కూర చుట్టి పెద్ద ముద్ద చేసి నా నోట్లో పెట్టింది. దీన్ని గుర్షా అంటారని, గౌరవించేవాళ్ళకు ఇలా పెడతారని, తిరిగి నేనూ పెట్టాలని పంతులమ్మ వివరించింది.

ఇక్కడే నా తెలివంతా చూపించాను. నా వేళ్ళు అప్పటికే నా నోట్లోకి పోయివచ్చినవి. పెద్దావిడకు ఎంగిలి చెయ్యి ఎలా తగిలించను? చెంబు పైకెత్తి, పెదవికి తగలకుండా నీళ్ళు తాగేవాళ్ళం మేము. అందుకని ముద్దను ఆమె నోటికి జానెడు పైకెత్తి, గురిచూసి వదిలాను. అది గడ్డానికి తగిలి, ఆమె తెల్లటి పైబట్ట మీద ఎర్రగా జారింది.

ఎవరూ నవ్వలేదు. ఆమె బట్ట తుడుచుకోకుండా నన్నే చూస్తూ ఏదో అడిగింది. పంతులమ్మ కాసేపు నసిగి, చివరికి చెప్పింది.

"అంత పైనుంచి వేయడానికి నేనేమైనా కుక్కనా అని అడుగుతోంది."

మా దేశంలో ఇది మర్యాద అని గబగబా చెప్పాను. చెబుతుండగానే మా జేజి, అదే మా నాయనమ్మ, గుర్తొచ్చింది. చెనిక్కాయలు, అంటే వేరుశనగ, పీకే రోజుల్లో కూలివాళ్ళు దోసిలి పట్టి వంగితే, చెంబు వాళ్ళ చేతులకు తగలకుండా ఇలాగే జానెడు పైనుంచి మజ్జిగ పోసేది. అది మర్యాద కాదు. కొన్నేళ్ళు ఆ చెంబు నేనే పట్టుకున్నాను. ఒక్క చుక్క కింద పడకుండా పోస్తానని ఇంట్లో మెచ్చుకునేవాళ్ళు కూడా. నాకు చాలా సిగ్గేసింది.

ఇంకో ముద్ద చుట్టాను. ఈసారి నా వేళ్ళు ఆమె పెదవులకు తగిలేదాకా పెట్టాను. ఆమె తాపీగా నమిలింది. నమిలి, మొదటిదానికి రెండింతలున్న ముద్ద తీసి నా నోట్లో కుక్కింది. మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి ఆమె తన ఆవును పట్టుకుని అందరికంటే ముందు నిలబడి ఉంది. వెనక ఊళ్ళోని ఆవులన్నీ ఉన్నట్టే అనిపించింది. ఆ ఆరు నెలలూ నాకు తీరికే లేదు.

ఊరికి వచ్చాక ఈ కథ చెప్పి అందరినీ నవ్వించాను. కథ చెప్పడంలో నాకు తిరుగులేదు. మజ్జిగ సంగతి మాత్రం మింగేసేవాణ్ణి. ఒకరోజు చుట్టాలకు చెబుతుంటే, మా ఆవుల పాలు పితికే ఆయన కొట్టంలో గడ్డి వేస్తూ విన్నాడు. నా ఈడువాడే. ఆ చెనిక్కాయల రోజుల్లో వాళ్ళ నాయన మా ఇంటి ముందు దోసిలి పట్టినవాడే. అందరూ నవ్వుతుంటే ఆయన నవ్వలేదు. చుట్టాలు లోపలికి వెళ్ళాక, చేతిలో గడ్డి అలాగే పట్టుకుని అన్నాడు.

"ఆయమ్మ అడిగేసింది గదా సామీ. మా నాయన అడగలేకపోయినాడు."